సిస్టరమ్మ బెల్టు మార్చిన ఆదివారం

మా కోడలు బంగారం అని నేనన్నానో లేదో, ఎదుటివాళ్ళు వెంటనే "అయితే కూతురిలా చూసుకుంటుందన్నమాట" అంటారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. కూతురిలా ఎందుకుండాలండీ? కోడలంటే ఏం తక్కువ? కూతురైతే నేను ఓ మాట అనగానే మూతి ముడుచుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. మా కోడలు పోదు. నడుం మీద చేతులు పెట్టుకుని నా మాట పూర్తయ్యేదాకా వింటుంది. విని, "అయిపోయిందా అత్తయ్యా? ఇప్పుడు నే చెప్పేది వినండి" అంటుంది. ఆ తర్వాత వినడం తప్ప నాకు వేరే దారి ఉండదు.

ఆస్పత్రిలో నర్సు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ సిస్టరమ్మ. మాది పిండిమర. ముందు వైపు మర, వెనక వైపు ఇల్లు, రెండింటికీ మధ్య రేకుల షెడ్డులో కారు. కారంటే షికార్లు కొట్టే కారనుకునేరు. వెనక సీటు పీకేసి పిండి బస్తాలు వేసుకుని కొట్లకీ, రొట్టెల బేకరీకీ తిరిగే పాత బండి. లోపల ఎక్కడ చెయ్యి పెట్టినా తెల్లగా అంటుకుంటుంది.

పెళ్ళయి వచ్చిన వారంలోనే ఈ పిల్ల మరలోకి తొంగిచూసి, "మావయ్యా, ఈ బెల్టుకి అడ్డం ఏమీ లేదేంటి? ఎవరి బట్టలో చిక్కుకుంటే?" అంది. మా ఆయన నవ్వేశారు. "ఈ మర పెట్టిన దగ్గర్నించీ ఎవరివీ చిక్కుకోలేదమ్మా" అన్నారు. తను నవ్వలేదు. ఆ సాయంత్రమే వెల్డింగు కొట్టుకి వెళ్ళి కొలతలిచ్చి ఇనప జాలీ చేయించుకొచ్చింది. కొత్త కోడలు కొలతలు పట్టుకుని వెల్డింగు కొట్టుకి పోవడమేంటని నేను రుసరుసలాడాను కూడా. నాది అసలే గట్టి నోరు.

ఇంకో అలవాటుంది తనకి. వార్డులో మందు ఎక్కించే ముందు ఒక నర్సు పైకి చదువుతుందట, రెండో నర్సు అదే మాట తిరిగి చెప్పాలట. అప్పుడే సూది ముట్టుకోవడం. ఆ పద్ధతిని తెచ్చి మా కొంపలో పెట్టింది. "గ్యాస్ కట్టేశాను" అంటుంది. "కట్టేశావు" అని నేననాలి. అనకపోతే ఇంకోసారి అంటుంది. "మర మోటారు ఆపేశాను" అని మా ఆయన అంటే, "ఆపేశారు మావయ్యా" అని వంటింట్లోంచి జవాబొస్తుంది. మా వాడు స్కూలు మాస్టారు. వాడికి ఇదంతా పెద్ద జోకు. "అమ్మా, నేను అన్నం తిన్నాను" అని నా మొహం వంక చూస్తాడు. "తిన్నావులే వెధవా" అంటాను.

కారు మెకానిక్కు దగ్గరికి వెళ్ళినప్పుడు లోకంలో అందరూ కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తారు. మా కోడలు బానెట్‌లో తల పెట్టి నిలబడుతుంది. ఇదేంటి, అదెందుకు తీస్తున్నారు, ఇది ఎటు తిరుగుతుంది అని ఒకటే ఆరా. "సిస్టరమ్మా, మీ తల కాస్త తీస్తే నా తల పెడతాను" అని ఆ మెకానిక్కు వేడుకునేవాడు. అతనికి జ్వరమొస్తే ఇంజెక్షన్ చేసేది ఈవిడే కాబట్టి, అంతకంటే గట్టిగా అనే ధైర్యం అతనికి లేదు.

ఇంతకీ అసలు సంగతి. మా ఆయనకి చూపు మందగించింది. ఇక బండి నడపొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. మా వాడు తెల్లారకముందే రైలెక్కి ఎక్కడో ఉన్న స్కూలుకి పోవాలి. డ్రైవర్ని పెడితే, వచ్చినవాడు వచ్చినట్టే మాయమయ్యాడు. అప్పుడు మా కోడలు మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుని, పొద్దుటిపూట బస్తాలు తనే వేసుకెళ్ళడం మొదలుపెట్టింది. అలా ఎన్నాళ్ళో నడిచింది. ఈలోపు ఆస్పత్రి వాళ్ళు హెడ్ నర్సు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే పొద్దుటి డ్యూటీ. కొన్ని నెలలు గడువిచ్చారు. ఆ గడువు ముగిసే సోమవారం సాయంత్రంలోగా ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి, లేకపోతే తన తర్వాతి ఆవిడకి ఇచ్చేస్తారు.

"కొట్లకి పిండి ఎవరు వేస్తారు? వద్దని చెప్పేస్తాను" అంది మా కోడలు. నేను భగ్గుమన్నాను. ఎన్నేళ్ళుగానో రాత్రుళ్ళు మేలుకుని, పండగా పబ్బం లేకుండా చాకిరీ చేసి సంపాదించుకున్న పేరది. మా పిండి బస్తాల కోసం వదులుకుంటుందా? నా కంఠంలో ప్రాణముండగా వదులుకోనివ్వనన్నాను. "అయితే ఎవరు నడుపుతారు అత్తయ్యా?" అంది. నోరు జారాను. "నేను నడుపుతాను" అన్నాను.

అలా ఈ వయసులో నేను స్టీరింగు పట్టాను. నేర్పింది కోడలే. మొదటిసారి టెస్టుకి వెళ్ళి, రివర్సులో వాళ్ళు పాతిన గుంజని ముద్దు పెట్టుకుని తిరిగొచ్చాను. రెండో టెస్టు ఆ సోమవారం పొద్దున పడింది. అది పోతే మళ్ళీ నెలల తర్వాతే. అంటే సోమవారం పొద్దున నేను పాసైతే సాయంత్రం ఈ పిల్ల సంతకం పెడుతుంది. తప్పితే పెట్టదు. నా మణికట్టేమో బస్తాలు ఎత్తీ దించీ ఎప్పుడో అరిగిపోయింది. బండికి పవర్ స్టీరింగు ఉంది కాబట్టి సరిపోయింది, వేళ్ళతో తిప్పినా తిరిగేది.

టెస్టుకి కొన్ని వారాల ముందు నించీ స్టీరింగు తిప్పినప్పుడల్లా బండి కీచుమనేది. పిల్లి తోక తొక్కినట్టే. "స్టీరింగు బెల్టు పాతబడింది అత్తయ్యా, మార్పించాలి" అని మా కోడలు కొత్త బెల్టు కొని డిక్కీలో పెట్టింది. మెకానిక్కు ఇవాళ రేపు అంటూండగానే ఓ రోజు ఉన్నట్టుండి ఆ కీచు ఆగిపోయింది. నేను సంబరపడ్డాను. తను మాత్రం నొసలు చిట్లించింది.

"రోగం దానంతటదే తగ్గిందంటే నాకు భయం అత్తయ్యా" అంది.

ఆదివారం మధ్యాహ్నం చివరిసారి సాధన కోసం స్కూలు వెనక ఖాళీ మైదానానికి వెళ్ళాం. రివర్సు బాగానే వచ్చింది. రెండోసారి తిప్పుతుంటే బానెట్‌లో ఫట్‌మని ఏదో కొట్టుకుంది. అంతే, స్టీరింగు మర రాయిలా బిగుసుకుపోయింది. బలమంతా పెట్టి లాగాను. మణికట్టులో కలుక్కుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా కోడలు నన్ను దింపి, తను కూర్చుని, పళ్ళు బిగపట్టి రెండు చేతులతో ఒక్కో మలుపూ లాగుతూ బండిని షెడ్డుకి చేర్చింది. వీపంతా చెమట. బానెట్ ఎత్తితే స్టీరింగు బెల్టు పీలికలై దారాలు వేలాడుతున్నాయి.

మెకానిక్కుకి ఫోన్ చేస్తే ఊళ్ళో లేడు. ఆదివారం కదా, మిగతా షెడ్లన్నీ మూత. వేరే బండి అడిగి తెద్దామన్నాడు మా వాడు. కొత్త బండి ఎక్కితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవని వాడికీ తెలుసు. అందరం బండి చుట్టూ నిలబడి దాని వంకే చూస్తున్నాం. అప్పుడు మా కోడలు నవ్వుతూ అంది.

"పోన్లెండి అత్తయ్యా. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోసారి ఇంకోటి."

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు పెదాల మీదే ఉంది.  నాకు బాధొస్తే అది కోపంలాగే బయటికొస్తుంది, పుట్టుక అలాంటిది.

"పోన్లెండి ఏంటి పోన్లెండి? బెల్టు డిక్కీలోనే ఉందిగా! ఇన్నాళ్ళూ ఆ బానెట్‌లో తల పెట్టి ఏం చూశావు? అక్కడేమన్నా సినిమా వేశారా?" అని అరిచాను.

మా వాడు "అమ్మా, ఊరుకో" అన్నాడు. కోడలు ఊరుకోమనలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని బండి వంక చూసింది. కాసేపు పెదాలు కదుపుతూ తనలో తనే ఏదో అనుకుంది.

"రెండు బోల్టులు" అంది చివరికి. "స్టీరింగుని తేలిక చేసే పంపుని పట్టుకునేది ఒకటి, జరిపేది ఒకటి. అవి వదులు చేస్తే పంపు ముందుకొస్తుంది, బెల్టు ఎక్కుతుంది. చెయ్యి పెట్టాలంటే ఈ వైపు టైరు తియ్యాలి. చూశాను. చెయ్యలేదు ఎప్పుడూ."

"ఇంజెక్షన్ మాత్రం పుట్టుకతోనే చేశావా?" అన్నాను.

ఇక చూడాలి ఆ పిల్లని. వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి, దాని మీద పాత గుడ్డ పరిచి, పానాలూ స్క్రూడ్రైవర్లూ వరసగా పేర్చింది. డ్రెస్సింగు గదిలో కత్తెర్లు పేర్చినట్టే ఉంది. చేతులకి తొడుగులు వేసుకుంది. మా వాడికి వంట పని అప్పజెప్పింది. వాడికి గ్రీజంటే అసహ్యం, బతుకుజీవుడా అని లోపలికి పరుగెత్తాడు. నాకు టార్చిలైటు ఇచ్చింది. మా ఆయన్ని ఓ స్టూలు మీద కూర్చోబెట్టింది.

"హ్యాండ్ బ్రేకు వేశాను" అంది.

"వేశావు" అన్నాను.

"బ్యాటరీ వైరు తీశాను."

"తీశావు."

"వెనక టైరుకి చెక్క అడ్డం పెట్టాను."

"పెట్టావు."

జాకీ వేసి బండి లేపింది. జాకీ ఒక్కదాన్నే నమ్మనంది. మరలో అరిగిపోయి పక్కన పడేసిన మర రాళ్ళున్నాయి. మా ఆయన వాటిని దొర్లించుకుంటూ తెచ్చారు. ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన మందపాటి చెక్క వేసి, బండి అడుగున ఆనించారు. చూపు సరిగా లేకపోయినా రాయిని అరచేత్తో తడిమి ఏ వైపు చదునో చెప్పగలరు ఆయన. టైరు ఊడింది. తను చతికిలపడి ఆ సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది.

మొదటి బోల్టు బుద్ధిగా వచ్చింది. రెండోది మొండికేసింది. తుప్పు పట్టి ససేమిరా కదలనంది. నూనె చుక్కలు వేసి, పానాకి ఇనప గొట్టం తొడిగి, మొత్తం బరువు వేసి తొక్కింది. పానా జారింది. తన వేలు ఎక్కడో కొట్టుకుని తొడుగు చిరిగి రక్తం వచ్చింది. నేను టార్చి వదిలేసి ముందుకి దూకాను. తను మాత్రం వేలు పైకెత్తి చూసుకుని, "కడిగి కట్టు కట్టండి అత్తయ్యా, నాకు ఒక చెయ్యే ఖాళీ" అంది.

వీధిలో అందరికీ కట్లు కట్టే మనిషికి కట్టు కట్టడం అదే మొదటిసారి నాకు. భయం కొద్దీ బిగించి కట్టాను.

"ఇంత బిగిస్తే వేలు నల్లబడిపోతుంది. విప్పి మళ్ళీ కట్టండి. జారకూడదు, అలాగని నొక్కెయ్యకూడదు."

రెండోసారి కట్టింది పర్లేదంది. వెంటనే మళ్ళీ ఆ గొట్టం మీదికెక్కింది. ఈసారి కిర్రుమని బోల్టు కదిలింది. "వచ్చింది!" అని నేనే ముందు కేకేశాను. వంటింట్లోంచి మా వాడు "వచ్చిందా?" అని తిరిగి అరిచాడు. మా ఇంట్లో ఎవరూ ఆ అలవాటు తప్పించుకోలేరు.

పాత బెల్టు పీలికలు లాగేసి, పుల్లీలు తుడవడానికి గుడ్డ పెట్టింది. గుడ్డ అంటుకుపోయింది. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళకి గోధుమ రంగు జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చాపింది. నేనూ వాసన చూశాను. చూడక్కర్లేదసలు. పెళ్ళయిన దగ్గర్నించీ ఆ వాసనలోనే బతుకుతున్నాను. మరలో బెల్టు జారి కూత పెడితే రుద్దే గుగ్గిలం అది.

మా ఆయన వైపు తిరిగాను. ఆయన గోడ వంక చూస్తున్నారు.

"ఏమండీ."

"ఆఁ?"

"ఇటు చూడండి."

"నాకు కనపడదుగా."

"కనపడకపోతే వాసన చూడండి!"

అడ్డంగా దొరికిపోయారు. నసుగుతూ చెప్పారు. "కూత పెడుతోందని... మన మరలో కూత పెడితే అదేగా పూస్తాం. మీరిద్దరూ టెస్టు టెస్టు అని హైరానా పడుతున్నారు. నా చేత ఏమీ కావట్లేదు. నాకు తెలిసింది ఇదొక్కటే. పూశాను. కూత ఆగింది కూడాను."

పిండిమర వాళ్ళకి బెల్టు ఎక్కడ అరిచినా అదే మందు. పైగా కూత ఆగినందుకు లోలోపల పొంగిపోయి ఉంటారు. నేను నోరు తెరిచాను. ఆ రోజు మా ఆయనకి మూడిందనే అనుకోండి. కానీ నాకంటే ముందు కోడలు లేచింది.

"ఇంజిన్ నడుస్తుంటే పూశారా మావయ్యా?"

"నడుస్తుంటేనేగా అంటుకునేది."

తన మొహం పాలిపోయింది. "చెయ్యి పోయేది మావయ్యా! కనపడని కళ్ళతో, తిరిగే బెల్టు దగ్గర చెయ్యి పెడతారా? వేళ్ళు లాగేసుకునేది! ఈ చేతులు పోతే మాకు ఎవరు తెచ్చిస్తారు?" అని గట్టిగా అరిచేసింది. అన్నేళ్ళలో ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. బెల్టు గురించి ఒక్క మాట లేదు, తన ఉద్యోగం గురించి అసలే లేదు. నా నోట్లో ఉన్న తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆయన తల వంచుకుని "ఇంకెప్పుడూ పెట్టనమ్మా" అన్నారు.

"పెట్టరు" అంది తను. కళ్ళు తుడుచుకుని కిరసనాయిలు తెమ్మంది.

తర్వాత ఆయనకి వివరంగా చెప్పింది. మర బెల్టు చదునుగా ఉంటుంది, దానికి పట్టు జిగురు వల్ల వస్తుంది. దీనికి లోపలి వైపు నిలువునా చాళ్ళలా గాళ్ళున్నాయి, పుల్లీ మీదా గాళ్ళున్నాయి, పట్టంతా వాటిల్లోనే. అవి జిగురుతో పూడిపోతే నాలుగు రోజులు నోరు మూసుకుని, ఆ తర్వాత కాలి తెగుతుంది. చెప్పి, గుడ్డ ముక్కని పుల్లకి చుట్టి ఆయన చేతికే ఇచ్చింది.

"ఒక్కో గాడీ మీరే తుడవండి. మీ వేళ్ళకి తెలిసినట్టు మా కళ్ళకి తెలీదు."

ఆయన టైరు సందు దగ్గర కూలబడి పుల్లీని చేత్తో తిప్పుకుంటూ, గోరుతో తడుముతూ తుడిచారు. ఎంతసేపు తుడిచారంటే, మా వాడు వంట ముగించి వచ్చి, చల్లారిపోతోందని రెండుసార్లు గోల పెట్టాడు. ఎవరూ లేవలేదు. చివరికి వాడే కంచాలు షెడ్డులోకి తెచ్చాడు. కోడలికి చేతులు ఖాళీ లేవని నోట్లో ముద్దలు పెట్టాడు. నేను చూడనట్టు టార్చి అటు తిప్పాను.

కొత్త బెల్టు ఎక్కించింది. పంపుని రాడ్డుతో వెనక్కి తోసి పట్టుకుని బోల్టు బిగించడం మొదలుపెట్టింది. మా ఆయన బొటనవేలితో బెల్టు మీద నొక్కి చూసి, "ఇంకా లాగమ్మా. రాయిలా ఉండాలి" అన్నారు.

"అది మరకి మావయ్యా. దీన్ని మరీ లాగితే పంపు లోపల బేరింగు అరుగుతుంది. ఇందాక అత్తయ్య కట్టిన కట్టు లాంటిదే." తను బొటనవేలితో నొక్కింది. బెల్టు కొంచెం లోపలికి పోయి తిరిగొచ్చింది. "ఇదిగో, ఇంత చాలు."

బోల్టులు రెండూ బిగించింది. పైకి చెప్పింది, నేను తిరిగి చెప్పాను. టైరు ఎక్కించి, రాళ్ళు తీసి, బ్యాటరీ వైరు తగిలించి స్టార్ట్ చేసింది. స్టీరింగు వెన్నలా తిరిగింది! నేను చప్పట్లు కొట్టబోయాను.

"ఉండండి, చప్పుడు చెయ్యకండి" అన్నారు మా ఆయన.

కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వంచి ఉన్నారు. మరలో మోటారు మొరాయించినప్పుడు అలాగే ఉంటారు. "టిక్కు టిక్కుమంటోంది. వదులైతే తిప్పినప్పుడే కూస్తుంది. ఇది తిప్పకపోయినా అంటోంది. బెల్టు అంచు ఎక్కిందమ్మా. ఎక్కడో ఓ పక్కకి జరిగి కూర్చుంది."

నాకు ఏమీ వినపడలేదు. మా వాడికీ వినపడలేదు. "నాన్నా, బాగానే ఉందిగా, చీకటి పడుతోంది" అన్నాడు వాడు. కోడలు వాడి మాట వినిపించుకోలేదు. ఇంజిన్ ఆపేసి, బ్యాటరీ వైరు తీసి, మళ్ళీ జాకీ, మళ్ళీ రాళ్ళు, మళ్ళీ టైరు. మధ్యాహ్నం నించీ చాకిరీ చేసిన మనిషి, ఒక్క విసుగు మాట లేకుండా మొత్తం మళ్ళీ విప్పింది. చెయ్యి పెట్టి కింద పుల్లీ తడిమింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒక గాడి బయటుంది మావయ్యా! కింద, కనపడని చోట. ఇలాగే వదిలేస్తే పొద్దున దారిలోనే అంచు చిరిగి తెగేది."

మా ఆయన స్టూలు మీద కాస్త నిటారుగా కూర్చున్నారు, అంతే. ఆ కూర్చోవడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రెండోసారి స్టార్ట్ చేశాక ఆయన చాలాసేపు విన్నారు. ఈ చివర నించి ఆ చివరికి స్టీరింగు తిప్పించారు. "ఊఁ" అన్నారు. ఆయన "ఊఁ" అంటే ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. కోడలు సీటులోంచి దిగింది. మొహం మీద గ్రీజు, మోచేతుల దాకా మసి, వేలికి నా వంకర కట్టు. జుట్టులో ఎప్పటి పిండో తెల్లగా. ఆ మనిషిని చూస్తే నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. ఈ పిల్ల మా ఇంటికొచ్చిందని ఊరంతా తిరిగి చెప్పుకోవాలనిపించింది. చెప్పుకుంటున్నాను కూడా, చూస్తున్నారుగా.

సోమవారం పొద్దున టెస్టు మైదానంలో నా వంతు వచ్చింది. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు. ఆయనకి పోయినసారి గుంజ సంగతి గుర్తున్నట్టుంది, ముందే తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కాస్త రోషమూ వచ్చింది. ముందుకి పోనిచ్చాను, ఎనిమిది అంకెలా తిప్పాను, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా ఎక్కించాను. ఇక రివర్సు మిగిలింది. ఓడిపోతే గోడ అవతల నిలబడ్డ ఆ పిల్ల నవ్వుతూ "పోన్లెండి అత్తయ్యా" అంటుంది. ఆ మాట నేను జన్మలో మళ్ళీ వినదల్చుకోలేదు. స్టీరింగు తిప్పాను. నా అరిగిన మణికట్టుకి ఏ మాత్రం నొప్పి తెలియకుండా తిరిగింది. గుంజల మధ్యకి బండి నెమ్మదిగా వెనక్కి పోయి నిలబడింది.

ఇన్‌స్పెక్టరు తలుపు పిడి వదిలాడు. "స్టీరింగు చాలా తేలిగ్గా ఉందమ్మా. ఎక్కడ చేయించారు?" అన్నాడు.

"ఇంట్లో" అన్నాను.

పాసైనట్టు కాగితం మీద ముద్ర పడింది. గోడ అవతల కోడలు ఆ కాగితం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదో అనబోయింది. నేను అననివ్వలేదు. ఏడుపులూ కౌగిలింతలూ తర్వాత, ముందు బండెక్కమన్నాను. సాయంత్రం దాకా ఆగడం నా వల్ల కాదు. నేనే నడుపుకుంటూ తిన్నగా ఆస్పత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా వెనకాల బస్సు హారను కొడుతూనే ఉంది. కొట్టుకోనీ అనుకున్నాను.

గేటు దగ్గర తనని దింపాను. లోపలికి వెళ్ళింది. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి అద్దం మీద తట్టాడు.

"డ్రైవరమ్మా, ఇక్కడ ఆపకూడదు. లోపల పేషెంటున్నారా?"

డ్రైవరమ్మా అన్నాడు. నన్నే.

"పేషెంటు కాదు నాయనా, హెడ్ నర్సు" అన్నాను.

"ఏ హెడ్ నర్సు?"

"ఇంకాసేపట్లో బయటికొస్తుంది, నువ్వే చూద్దువుగాని" అని బండిని వెనక్కి తీసి, పక్కన ఖాళీలో పెట్టాను. ఒక్కసారికే కుదిరింది.

చాలాసేపటికి కోడలు బయటికొచ్చింది. మెట్ల మీదే ఆగి నా వైపు చూసి తలూపింది. సంతకం పెట్టేసిందన్నమాట. వేలి కట్టు మీద సిరా మరక. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. తను అతన్ని చూడనే లేదు. కళ్ళనిండా నీళ్ళతో గబగబా నడిచొచ్చి, అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు తీసింది. తీసి చూస్తే సీట్లో నేనున్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తను ఏడుస్తూనే పకపకా నవ్వి, తలుపు మూసి, బండి చుట్టూ తిరిగి అవతలి వైపు ఎక్కి కూర్చుంది.